మైక్రోవేవ్‌ని తెలిసి వాడటం: వంటింటి ఓవెన్ నుంచి డాబా మీది డిష్ దాకా

మైక్రోవేవ్ అనగానే వంటగట్టు మీది పెట్టే గుర్తొస్తుంది. కానీ అదే జాతి తరంగాలు హాల్లోని వై-ఫై రౌటర్ నుంచి వస్తున్నాయి, జేబులోని ఫోన్‌కి పోతున్నాయి, డాబా మీది డిష్ మీద పడుతున్నాయి. ఔటర్ రింగ్ రోడ్డు టోల్ గేటు దగ్గర కారు అద్దం మీది ఫాస్టాగ్‌ని చదివేవీ అవే. ఇవన్నీ నీళ్లు తగిలితే ఒకలా, లోహం తగిలితే ఒకలా, గాజు తగిలితే ఇంకోలా ప్రవర్తిస్తాయి. ఆ మూడు తేడాలు పట్టుబడితే బిర్యానీ ఒక పక్క పొగలు కక్కుతూ ఇంకో పక్క చల్లగా ఎందుకుంటుందో, వాన పడగానే టీవీ ఎందుకు పోతుందో ఎవరూ చెప్పనక్కర్లేదు.

ముందు తరంగం సంగతి

సెకనుకు 30 కోట్ల సార్ల నుంచి 30 వేల కోట్ల సార్ల దాకా కంపించే విద్యుదయస్కాంత తరంగాలను మైక్రోవేవ్‌లు అంటారు. అంటే 300 మెగాహెర్ట్జ్ నుంచి 300 గిగాహెర్ట్జ్ వరకు. తరంగం పొడవు మీటరు నుంచి మిల్లీమీటరు దాకా ఉంటుంది. రేడియో తరంగాల కంటే పొట్టివి, వెలుతురు కంటే చాలా పొడవైనవి. జగదీశ్ చంద్రబోస్ 1895లోనే కలకత్తా టౌన్‌హాల్‌లో ఈ తరంగాలను గోడల అవతలికి పంపి గంట మోగించి చూపించాడు. ఓవెన్ వచ్చింది మాత్రం రెండో ప్రపంచ యుద్ధం తర్వాత. రాడార్ కోసం చేసిన మాగ్నెట్రాన్ అనే గొట్టంతో ఆహారం వేడెక్కుతుందని అమెరికాలో పెర్సీ స్పెన్సర్ 1945లో గమనించాడు. 1947కల్లా మొదటి ఓవెన్ అమ్మకానికి వచ్చింది.

మన ఇళ్లలోని ఓవెన్ పనిచేసేది 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర. తరంగం పొడవు 12.2 సెంటీమీటర్లు. ఈ రెండు అంకెలూ ముందు ముందు పనికొస్తాయి.

నీటి అణువుకి ఒక కొస ధనావేశం, ఇంకో కొస రుణావేశం. తరంగం సెకనుకు 245 కోట్ల సార్లు కంపిస్తూ దిశ మార్చుకుంటుంటే ఆ అణువు కూడా అటూ ఇటూ తిరగబోయి పక్కవాటిని తోస్తుంది. ఆ తోపులాటే వేడి. నూనె, చక్కెర కూడా వేడెక్కుతాయి గానీ అసలు పని నీళ్లదే. లోహం తరంగాన్ని వెనక్కి కొడుతుంది. గాజు, పింగాణీ, కొన్ని ప్లాస్టిక్‌లు దాన్ని తమలోంచి పోనిస్తాయి. ఓవెన్ లోపలి గోడలు లోహం, పళ్లెం గాజు కావడానికి కారణం ఇదే.

మైక్రోవేవ్ ఆహారాన్ని లోపలి నుంచి ఉడికిస్తుందన్న మాట తప్పు. తరంగం పదార్థాన్ని బట్టి పైనుంచి రెండు మూడు సెంటీమీటర్ల లోతుకు పోతుంది. అంతకు లోపలున్న భాగానికి మామూలుగానే, బయటి వేడి మెల్లగా పాకుతూ చేరాలి. గిన్నె బయటికి తీశాక ఒకటి రెండు నిమిషాలు ఆగమనేది అందుకే.

కొనేటప్పుడు, పెట్టేటప్పుడు

వేడి చేసుకోవడానికే అయితే 20 లీటర్ల సోలో మోడల్ నలుగురికి చాలు. కేకులు, తందూరీ ముక్కలు చేసే అలవాటు నిజంగా ఉంటేనే 28 లీటర్ల కన్వెక్షన్ (వేడి గాలితో కూడా వండే రకం) తీసుకోండి. "ఎప్పుడైనా చేసుకోవచ్చులే" అని కొన్న కన్వెక్షన్లు చాలా ఇళ్లలో పాలు, కూరలు వేడి చేయడానికే పరిమితమవుతాయి. గ్రిల్ మోడల్‌లో పైనుండే కాయిల్ పైపొరను ఎర్రగా చేస్తుంది, అంతకు మించి ఆశించకండి.

డబ్బా మీద రెండు వాటేజీలు ఉంటాయి. ఒకటి కరెంటు లాగేది, రెండోది ఆహారానికి అందేది. 800 వాట్లు ఆహారానికి ఇచ్చే ఓవెన్ గోడ నుంచి దాదాపు 1200 లాగుతుంది. మిగతాది మాగ్నెట్రాన్, ట్రాన్స్‌ఫార్మర్ వేడికి పోతుంది. ఫ్యాను దాన్నే బయటికి ఊదుతుంటుంది. వంటలకు లెక్క చూసుకోవాల్సింది ఆహారానికి అందే వాటేజీనే.

పెట్టే చోటు గురించి:

1. ఫ్రిజ్‌తో కలిపి ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో పెట్టకండి. 16 ఆంప్ పవర్ ప్లగ్గు విడిగా ఉండాలి. కన్వెక్షన్ అయితే ఇది తప్పనిసరి.
2. మూడో పిన్నుకి ఎర్తింగ్ నిజంగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. పాత ఇళ్లలో పిన్ను కన్నం ఉంటుంది, వెనక వైరు ఉండదు. ఓవెన్ బాడీని ముట్టుకుంటే జివ్వుమంటే కారణం చాలాసార్లు ఇదే.
3. వెనక, పక్కల నాలుగు వేళ్ల సందు, పైన జానెడు ఖాళీ వదలండి. కప్‌బోర్డు గూట్లో బిగించి పెడితే వేడి బయటికి పోక ఓవెన్ మధ్యలోనే ఆగిపోతుంది.
4. స్టవ్ పక్కన పెట్టొద్దు. తాలింపు జిడ్డంతా ఫ్యాను లోపలికి లాక్కుంటుంది.

కరెంటు పోయినప్పుడు ఇంటి ఇన్వర్టర్ మీద ఓవెన్ నడపాలని చూడకండి. 900 వీఏ ఇన్వర్టర్ ఇచ్చేది 700 వాట్ల చిల్లరే. ఎండాకాలంలో వోల్టేజీ పడిపోయే కాలనీల్లో ఓవెన్ తిరుగుతూనే ఉంటుంది గానీ వేడి తగ్గిపోతుంది. అలాంటి చోట రెండు కిలోవాట్ల సామర్థ్యం ఉన్న స్టెబిలైజర్ పెట్టుకోవచ్చు.

మీ ఓవెన్ అసలు బలం ఎంత?

కొత్తదైనా పాతదైనా ఒకసారి ఈ పరీక్ష చేసి, వచ్చిన అంకె తలుపు పక్కన రాసి అతికించుకోండి.

వెడల్పాటి గాజు గిన్నెలో సరిగ్గా లీటరు నీళ్లు పోయండి. వంటింటి థర్మామీటరుతో ఉష్ణోగ్రత చూడండి. ఫుల్ పవర్ మీద సరిగ్గా రెండు నిమిషాలు నడపండి. తీయగానే చెక్క గరిటెతో కలిపి మళ్లీ చూడండి. పెరిగిన డిగ్రీలను 35తో గుణిస్తే వాట్లు వస్తాయి. 25 డిగ్రీల నీళ్లు 45 అయితే పెరిగింది 20, అంటే 700 వాట్లు. గిన్నె కూడా కొంత వేడి తీసుకుంటుంది కనుక అంకె కాస్త తక్కువే వస్తుంది. డబ్బా మీద 800 అని ఉండి మీకు 700 వస్తే కంగారు పడక్కర్లేదు. 500 కంటే కిందికి వస్తే మాత్రం వోల్టేజీ బాగున్న వేళ మళ్లీ చూడండి. అప్పుడూ అంతే అయితే మాగ్నెట్రాన్ నీరసించినట్టే.

థర్మామీటరు సరిచూసుకోవడానికి మరిగే నీళ్లలో పెడితే హైదరాబాద్‌లో 98 చూపిస్తుంది. అది దాని తప్పు కాదు. ఊరు సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైన ఉంది, ఇక్కడ నీళ్లు మరిగేది ఆ 98 దగ్గరే.

వంటకంలో 900 వాట్ల మీద 3 నిమిషాలు అని ఉండి మీది 700 అయితే, 3ని 900తో గుణించి 700తో భాగించండి. 3 నిమిషాల 50 సెకన్లు అవుతుంది. సరుకు రెట్టింపైతే సమయం రెట్టింపుకు కాస్త తక్కువ పట్టుకోండి.

పవర్ లెవల్ గురించి ఒక మాట. మామూలు ఓవెన్‌లో 50 శాతం అంటే సగం బలంతో నడవడం కాదు. కొన్ని సెకన్లు పూర్తి బలంతో నడిచి, కొన్ని సెకన్లు ఆగుతుంది. చెవి పెడితే గుయ్యిమనే చప్పుడు మారడం వినిపిస్తుంది. ఆ ఆగిన సెకన్లలో వేడి లోపలికి పాకుతుంది, అంచులు మాడవు. ఇన్వర్టర్ రకం (కరెంటు పోతే వాడే ఇన్వర్టర్ కాదు) ఓవెన్లలో మాత్రం నిజంగానే బలం తగ్గుతుంది. ఎక్కువ మంది ఈ బటన్ జోలికే పోరు. ఓవెన్ మీద వచ్చే ఫిర్యాదుల్లో చాలా అక్కడే పుడతాయి.

వేడి ఎక్కడ పడుతోందో అప్పడాలు చెబుతాయి

తరంగం గోడలకు తగిలి వెనక్కి వచ్చి ఎదురొచ్చే తరంగంతో కలుస్తుంది. అలా కలిసిన చోట్ల కొన్ని స్థలాల్లో వేడి ఎక్కువ, కొన్నింట్లో దాదాపు లేదు. వేడి చోట్ల మధ్య దూరం తరంగంలో సగం, అంటే సుమారు 6 సెంటీమీటర్లు. తిరిగే పళ్లెం పెట్టింది ఈ తేడా సర్దడానికే.

చూడాలంటే తిరిగే పళ్లెం, కింది రోలర్ రింగు తీసేసి, అడుగున చదునైన గాజు పళ్లెం పెట్టి దాని మీద పచ్చి అప్పడాలు పరచండి. ఫుల్ మీద 20 సెకన్లు చాలు. కొన్ని చోట్ల తెల్లగా పొంగుతాయి, పక్కనే పచ్చిగా ఉంటాయి. పొంగిన మచ్చల మధ్య దూరం కొలిస్తే 6కి అటూ ఇటూ వస్తుంది. పిల్లలకు సైన్సు పాఠం, పెద్దలకు ఉపయోగం కూడా: పళ్లెం సరిగ్గా మధ్యలో పెట్టిన చిన్న గిన్నె ఎంత తిరిగినా ఉన్నచోటే ఉంటుంది. అందుకే గిన్నెని అంచుకు జరిపి పెట్టాలి.

గిన్నెల సంగతి

మన వంటిళ్లు స్టీలు వంటిళ్లు. కాబట్టి ఓవెన్‌తో పాటు మూతలున్న బోరోసిలికేట్ (వేడికి తట్టుకునే) గాజు గిన్నెలు రెండు, లీటరున్నరది ఒకటి, అర లీటరుది ఒకటి, విడిగా కొనుక్కోవాలి. స్టీలు గిన్నెలో పెడితే తరంగం లోపలికి పోదు, అంచులు గోడకి దగ్గరైతే నిప్పురవ్వలు లేస్తాయి. బంగారు గీత ఉన్న పింగాణీ కప్పులకూ ఇదే గతి.

ప్లాస్టిక్ డబ్బా అడుగున త్రికోణంలో 5 అంకె, పక్కన మైక్రోవేవ్ గుర్తు రెండూ ఉంటే వాడొచ్చు. మెలమైన్ పళ్లేలు, థర్మోకోల్ డబ్బాలు వద్దు. నూనె, చక్కెర ఎక్కువున్న కూరలు 100 డిగ్రీలు దాటి వేడెక్కుతాయి కనుక వాటికి ఎంత మంచి ప్లాస్టిక్ అయినా గాజుతో సమానం కాదు. మెరుపు పూత లేని మట్టి పాత్ర నీళ్లు పీల్చుకుంటుంది, అదే వేడెక్కి పగలొచ్చు.

అనుమానం ఉన్న పాత్రకు పరీక్ష: ఖాళీ పాత్రను పెట్టి, పక్కనే గ్లాసుడు నీళ్లు పెట్టి ఒక నిమిషం నడపండి. నీళ్లు వేడెక్కి పాత్ర చల్లగా ఉంటే మంచిది. పాత్రే వేడెక్కితే పనికిరాదు. గ్లాసు నీళ్లు మర్చిపోకండి. లోపల తరంగాన్ని తీసుకునేది ఏదీ లేకపోతే అది తిరిగి మాగ్నెట్రాన్ మీదే పడుతుంది. లోహపు పాత్రల మీద ఈ పరీక్ష చేయొద్దు.

హోటల్ పార్సిల్ వచ్చినప్పుడు ముందు వెండి రంగు కవర్లు, స్టేపుల్ పిన్నులు, రబ్బరు బ్యాండ్లు తీసేయండి. సాలన్, రైతా కట్టిన పల్చటి సంచుల్ని అలాగే పెట్టడం హైదరాబాద్ ఇళ్లలో తరచూ జరిగే పొరపాటు. సంచి కరిగి సాలన్ పళ్లెం మీద పారుతుంది. రైతాని అసలు వేడే చేయొద్దు, విరిగిపోతుంది.

రాత్రి మిగిలిన బిర్యానీ

ఫ్రిజ్‌లో పెట్టిన అన్నం గట్టిపడేది ఎండిపోయి కాదు. మెతుకులోని పిండిపదార్థం చల్లబడి మళ్లీ గడ్డకడుతుంది. అది వదలాలంటే వేడితో పాటు తేమ కావాలి. అందుకే ఏమీ చల్లకుండా ఫుల్ మీద మూడు నిమిషాలు పెట్టిన బిర్యానీ అంచుల్లో గులకరాళ్లలా, మధ్యలో మంచులా ఉంటుంది.

ఒక ప్లేటుకు, అంటే 350 గ్రాములకు, 800 వాట్ల ఓవెన్‌లో:

1. ముక్కల్ని అన్నం నుంచి విడదీయండి. పెద్ద ముక్క అయితే రెండుగా చీల్చండి. ఎముకనంటిన మాంసమే ఆఖరున వేడెక్కుతుంది.
2. వెడల్పు గిన్నెలో ముక్కల్ని అంచు చుట్టూ పేర్చి, అన్నాన్ని మధ్యలో గుంట చేసి వలయంలా సర్దండి. మధ్యలో ఖాళీ ఉంటే తరంగం లోపలి నుంచి కూడా అందుతుంది.
3. ఒకటిన్నర టేబుల్ స్పూన్ల నీళ్లు చిలకరించి, మూత కాస్త సందు వదిలి పెట్టండి.
4. 70 శాతం పవర్ మీద 2 నిమిషాలు. తీసి, అట్టడుగు పైకి వచ్చేలా మెల్లగా తిప్పి మళ్లీ వలయం చేయండి.
5. మళ్లీ 70 మీద నిమిషంన్నర.
6. మూత తీయకుండా 2 నిమిషాలు ఆగండి.

ముక్క మధ్యలో థర్మామీటరు గుచ్చితే 74 డిగ్రీలు దాటాలి. థర్మామీటరు లేకపోతే ముక్క విరిచి చూడండి, ఎముక దగ్గర ఆవిరి రావాలి.

రుచి కంటే ముఖ్యమైనది అంతకుముందు జరిగింది. వండిన అన్నాన్ని బయట రాత్రంతా వదిలేస్తే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా పెరుగుతుంది. అది వదిలే ఒక విషం మళ్లీ వేడి చేసినా చావదు. కాబట్టి రెండు గంటల్లోపు, ఎండాకాలమైతే ఇంకా ముందే, పల్చగా పరచి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి. వేడి చేయడం ఒక్కసారే. హండీ మొత్తం వేడి చేసి మిగిలింది మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టే అలవాటు మానుకోండి, తినేంతే తీసుకోండి.

పప్పు, సాంబారుకు ఫుల్ పవరే మేలు. గిన్నె సగానికి మించి నింపకుండా, మధ్యలో ఒకసారి కలపాలి. చిక్కటి పప్పు పైకి కదలకుండా కనిపిస్తూనే లోపల ఆవిరి చేరి ఒక్కసారిగా చిమ్ముతుంది. చపాతీ, నాన్‌ని తడిపి పిండిన బట్టలో చుట్టి 15 సెకన్లు, అంతే. ఇంకో పది సెకన్లు పెడితే తోలులా సాగుతుంది. మిర్చి బజ్జీ, సమోసా లాంటివి పెట్టకండి. లోపలి నీళ్లు ఆవిరై కరకరలాడే పైపొరలోకే చేరతాయి. ఓవెన్‌లో గాలి చల్లగానే ఉంటుంది కనుక ఆ తేమ ఆరదు. పెనం మీదో కన్వెక్షన్‌లోనో చేసుకోవాలి.

ఫ్రీజర్ నుంచి తీసిన చికెన్ విషయంలో ఓపిక పట్టాలి. మంచులో అణువులు కదల్లేవు కాబట్టి మంచు తరంగాన్ని పెద్దగా తీసుకోదు. కరిగిన అంచు మాత్రం గబగబా తీసుకుని ఉడికిపోతుంది, మధ్యలో గడ్డ అలాగే ఉంటుంది. అరకిలోకి 30 శాతం పవర్ మీద ఆరు నిమిషాలు, మధ్యలో తిప్పి, విడివడిన ముక్కల్ని పక్కకు తీస్తూ చేయాలి. కరిగాక వెంటనే వండేయాలి.

చిన్న చిన్న పనులు

ఓవెన్ నిజంగా పైచేయి చూపించేది వీటిలోనే. ఇక్కడి సమయాలన్నీ 800 వాట్లకు.

నిమ్మకాయంత చింతపండు, అర గ్లాసు నీళ్లు, ఒక నిమిషం: అరగంట నానబెట్టినంత పని. అప్పడం ఒకటికి 40 సెకన్లు, నూనె అక్కర్లేదు. వెల్లుల్లి పాయని 15 సెకన్లు పెడితే పొట్టు చేతికి ఊడొస్తుంది. రెండు ఆలుగడ్డలకు ఫోర్కుతో అయిదారు గాట్లు పెట్టి ఆరు నిమిషాలు, సగంలో తిప్పాలి. గాట్లు మర్చిపోతే పేలుతుంది. తోలుతోనే మొక్కజొన్న కంకి మూడున్నర నిమిషాలు. ఫ్రిజ్‌లోంచి తీసిన 250 మిల్లీలీటర్ల పాలకు రెండు నిమిషాలు, కానీ పెద్ద గిన్నెలో. పొంగొచ్చిందని స్టవ్ కట్టేసినంత వేగంగా ఇక్కడ తలుపు తీయలేరు.

వేరుశనగలు 150 గ్రాములు ఒక వరుసగా పరచి నిమిషానికోసారి కలుపుతూ నాలుగు నిమిషాలు. రంగు చూసి కాదు, వాసన చూసి ఆపండి. బయట పెట్టాక కూడా అవి వేగుతూనే ఉంటాయి. కరివేపాకు కడిగి పూర్తిగా ఆరబెట్టాక పేపర్ న్యాప్‌కిన్ మీద ఒక పొరగా పెట్టి ఒక నిమిషం, తిప్పి ఇంకో అర నిమిషం. చివర్లో పది పది సెకన్లుగా చూడండి. నీళ్లు పూర్తిగా పోయిన ఆకు అంటుకోగలదు.

బగారా బైంగన్‌కి వంకాయల్ని ముందే మెత్తబరచుకోవచ్చు: నూనె రాసి, గాట్లు పెట్టి నాలుగు నిమిషాలు. వంకాయ బండపచ్చడికి మాత్రం వద్దు, మంట మీద కాలిన వాసన ఇందులో ఎంతకీ రాదు. అన్నం, కందిపప్పు ఓవెన్‌లో వండటం కూడా దండగే. కుక్కర్ అంతే సమయంలో ఇంకా బాగా చేస్తుంది. లీటరు నీళ్లు మరిగించడానికి ఎనిమిది నిమిషాలు పడుతుంది, స్టవ్ మేలు.

డిసెంబరు, జనవరిలో పెరుగు తోడుకోకపోతే ఓవెన్‌ని ఆన్ చేయకుండానే వాడండి. తోడేసిన గోరువెచ్చటి పాల గిన్నె, పక్కన గ్లాసు మరిగిన నీళ్లు పెట్టి తలుపు మూయండి. తెల్లారేసరికి తోడుకుంటుంది.

పెట్టకూడనివి: గుడ్డు, పొట్టు తీసిన ఉడికిన గుడ్డు కూడా, కొరకగానే నోట్లో పేలొచ్చు. ఎండుమిర్చి వేయించడం, తలుపు తీయగానే ఇల్లంతా దగ్గు. న్యూస్‌పేపర్. పసిపిల్లల పాలసీసా, పైన గోరువెచ్చగా లోపల సలసలగా ఉంటుంది. నున్నటి గాజు కప్పులో నీళ్లు ఒంటరిగా పెడితే బుడగ పుట్టే చోటు దొరకక మరిగే స్థానం దాటినా కదలకుండా ఉంటాయి. టీ పొడి వేయగానే ఎగజిమ్ముతాయి. ముందే చెక్క గరిటె వేసి పెట్టండి, తీసే ముందు అర నిమిషం ఆగండి.

శుభ్రం, మరమ్మతు

వారానికోసారి గిన్నెలో గ్లాసు నీళ్లు, నాలుగు నిమ్మ చెక్కలు వేసి నాలుగు నిమిషాలు నడిపి, అయిదు నిమిషాలు తలుపు తీయకుండా వదిలి, మెత్తటి బట్టతో తుడవండి. తీగ పీచు వాడకండి, పెయింటు గీరుకుంటే అక్కడే రవ్వలు మొదలవుతాయి.

లోపల కుడి పక్క గోడకి అరచేతి వెడల్పు అట్టముక్కలాంటిది ఉంటుంది. అదే మైకా షీటు. తరంగం లోపలికొచ్చే దారికి మూత. చాలామంది దాన్ని ప్యాకింగ్ అట్ట అనుకుని పీకేస్తారు. దాని మీద పడిన కూర జిడ్డు మాడి బొగ్గవుతుంది. బొగ్గు కరెంటును పారనిస్తుంది, చిటచిటమని రవ్వలు వస్తాయి. నల్లమచ్చ కనిపించగానే ప్లగ్గు తీసి, షీటు తీసి మార్చాలి. కోఠి గుజరాతీ గల్లీ లాంటి చోట్ల స్పేర్లు అమ్మేవాళ్ల దగ్గర విడి షీటు దొరుకుతుంది. పాతదాన్ని మీద పెట్టి గీసి కత్తెరతో కత్తిరించుకోవడమే. ఇంట్లో స్వయంగా చేసుకోదగ్గ మరమ్మతు ఇదొక్కటే అనుకోవచ్చు. పళ్లెం తిరగకపోతే ముందు రోలర్ రింగు చక్రాల్లో చిక్కుకున్న మెతుకులు తీయండి. అప్పటికీ తిరగకపోతే మధ్యలోని ప్లాస్టిక్ కప్లర్ అరిగిందేమో చూడండి.

లైటు వెలిగి, పళ్లెం తిరిగి, వేడి మాత్రం రాకపోతే డయోడో, కెపాసిటరో, హైవోల్టేజీ ఫ్యూజో, మాగ్నెట్రానో పోయి ఉంటుంది. పెట్టె తెరవకండి. కెపాసిటర్‌లో రెండు వేల వోల్టులు దాటిన కరెంటు ప్లగ్గు తీసేశాక కూడా నిలిచి ఉంటుంది, ప్రాణం తీయగలదు. బటన్లు వాటంతట అవే నొక్కుకుంటున్నా, డిస్‌ప్లే పిచ్చిగా వెలుగుతున్నా చాలాసార్లు దొరికేది బొద్దింక. వెచ్చగా ఉంటుందని కంట్రోల్ బోర్డు వెనక కాపురం పెడతాయి. మెకానిక్ బోర్డు మార్చాలంటే ముందు శుభ్రం చేసి చూడమనండి.

రేడియేషన్ భయం గురించి: ఈ తరంగం ఎక్స్‌రేలాంటిది కాదు, అణువుల్ని చీల్చే శక్తి దానికి లేదు, వేడి మాత్రం చేయగలదు. ఆహారంలో ఏదీ మిగిలి ఉండదు, స్విచ్ ఆగగానే తరంగం ఆగుతుంది. తలుపు జల్లెడ కన్నాలు మిల్లీమీటరు రెండు మిల్లీమీటర్లు, తరంగం 12 సెంటీమీటర్లు, అందుకే బయటికి రాలేదు. వెలుతురు వస్తుంది. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 5 సెంటీమీటర్ల దూరంలో చదరపు సెంటీమీటరుకు 5 మిల్లీవాట్లకు మించి కారకూడదు. లోపల ఫోన్ పెట్టి రింగ్ ఇచ్చే పరీక్ష దేనికీ పనికిరాదు. మోగినంత మాత్రాన లీకు అని కాదు, ఫోన్ అతి బలహీనమైన సిగ్నల్‌ని కూడా పట్టగలదు. తలుపు వంగినా, కీలు వదులైనా, అద్దం పగిలినా వాడటం ఆపి చూపించండి.

ఓవెన్ నడుస్తుంటే వై-ఫై ఎందుకు తడబడుతుంది

రెండూ 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే ఉంటాయి. మనిషికి హాని లేని ఆ కాస్త లీకు కూడా మిల్లీవాట్లతో మాట్లాడుకునే రౌటర్‌కీ, బ్లూటూత్ ఇయర్‌ఫోన్‌కీ పెద్ద గోలే. రౌటర్ సెట్టింగ్స్‌లో 5 గిగాహెర్ట్జ్ నెట్‌వర్క్ పేరుని వేరు చేసి ఫోన్లు, టీవీ దానికి కలపండి. రౌటర్‌ని వంటింటి గోడకు ఆనించకండి, ఫ్రిజ్ మీద, అక్వేరియం వెనక పెట్టకండి. లోహం వెనక్కి కొడుతుంది, నీళ్లు మింగేస్తాయి.

వానా, డిష్షూ

డీటీహెచ్ సిగ్నల్ 10 నుంచి 12 గిగాహెర్ట్జ్ పైచిలుకు తరంగం, పొడవు రెండు మూడు సెంటీమీటర్లు. వాన చినుకులు దాన్ని బాగా మింగుతాయి. క్యుములోనింబస్ మేఘం (ఉరుముల వాన తెచ్చే ఎత్తయిన మేఘం) డిష్ చూసే దిశలో నిలబడితే ఇంటి దగ్గర చినుకు పడకముందే బొమ్మ పోతుంది. అరగంట ఆగండి, డిష్‌ని కదపకండి. వాన వెలిసినా రాకపోతే ఈ వరుసలో చూడండి: ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందు కడ్డీ చివర సిగ్నల్ పట్టే భాగం) మూత పగిలి నీళ్లు చేరాయా, కేబుల్ కనెక్టర్ లోపల పచ్చటి తుప్పు ఉందా, కోతులు ఊగి డిష్ పక్కకు జరిగిందా.

ఉదాహరణకు డీడీ ఫ్రీ డిష్ 93.5 డిగ్రీల తూర్పున ఉన్న జీశాట్-15 నుంచి వస్తుంది. హైదరాబాద్ నుంచి చూస్తే అది ఆగ్నేయంగా, ఉత్తరం నుంచి 138 డిగ్రీల దిక్కున, నేల నుంచి 63 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. డిష్ మాత్రం అంతకంటే 20 డిగ్రీలకు పైగా కిందికి చూస్తున్నట్టు కనిపిస్తుంది, ఎల్‌ఎన్‌బీ మధ్యలో కాకుండా కిందికి ఉండే ఆఫ్‌సెట్ డిజైన్ వల్ల. అందుకే ఎదుటి అపార్ట్‌మెంటు అడ్డమనుకున్నది చాలాసార్లు అడ్డం కాదు, నెత్తిమీది వేప కొమ్మే అడ్డం.

అదే చినుకుల్ని వెతకడానికి వాతావరణ శాఖ ఇంకాస్త పొడవైన తరంగం వాడుతుంది. హైదరాబాద్ డాప్లర్ రాడార్ ఎస్ బ్యాండ్‌ది, తరంగం పొడవు దాదాపు 10 సెంటీమీటర్లు. వాన దాన్ని పెద్దగా మింగదు, కొంత వెనక్కి చిమ్ముతుంది. ఆ చిమ్మిందే మనకు రంగుల బొమ్మగా కనిపిస్తుంది. శాఖ వెబ్‌సైట్‌లో రాడార్ విభాగంలో హైదరాబాద్ ఎంచుకుని మ్యాక్స్ జెడ్ బొమ్మ (వెనక్కి చిమ్మిన తరంగం బలాన్ని చూపేది) తెరవండి. పక్కనున్న రంగుల పట్టీలో 20, 30 దగ్గరివి జల్లు, 40 దాటితే గట్టి వాన. ఒక్క బొమ్మ చూసి నిర్ణయించకండి, వరుసగా మూడు నాలుగు చూస్తే మేఘం ఏ దిక్కుకు కదులుతోందో తెలుస్తుంది. బొమ్మ నడిమధ్య ఖాళీగా ఉందంటే అక్కడ వాన లేదని కాదు. రాడార్ తన నెత్తి మీదికి చూడలేదు. అది ఉన్న బేగంపేట చుట్టుపక్కల ఉండేవాళ్లు కిటికీ తెరిచి చూసుకోవాల్సిందే.